నీలిదారం లేని సగం

మూడో రోజు

థియేటర్ టెక్నీషియన్ శిక్షణకు వచ్చినవాడు తొంభై రోజులూ సొంత చేత్తో రోజుపుస్తకం రాయాలట. చివర్లో లైసెన్సు బోర్డువారు దాన్ని చదివి, వీడు పనికొస్తాడో రాడో తేలుస్తారట. మొదటి రెండు రోజులు నేనేమీ రాయలేదు. నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయి, ఇంటికి రాగానే మంచం మీద పడ్డాను. బోర్డువారు క్షమించాలి. క్షమించకపోయినా చేసేదేం లేదు, ఆ రెండు రోజులు నాకే గుర్తు లేవు.

నా పేరు దుర్గం ఓదెలు. వయసు ముప్పై ఆరు. పన్నెండేళ్లు తొమ్మిదో లెవెల్ పంపుహౌసులో పనిచేశాను. పైన ఎండలకు బతకలేక, బొగ్గు అయిపోయిన ఈ బాయిలోకి దిగిన మా ఊరు నిలవాలంటే ఊటనీళ్లు రోజంతా తోడుతూనే ఉండాలి. ఆ తేమకు నా ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇంకో ఏడాది అక్కడే ఉంటే నీళ్లతోపాటు నిన్నూ తోడి పోయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పింది. అందుకని ఈ వయసులో మళ్లీ పలకా బలపం పట్టాను.

పని నేర్పేది కనకలక్ష్మి. నేను కనకక్క అంటాను. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఈ ఆసుపత్రిలో ఉన్న ఒకే ఒక్క టెక్నీషియన్ ఆమే. సర్జను నుస్రత్ మేడం ఇక్కడ ఉండదు. ఆరు బాయి ఊళ్లకు ఆమె ఒక్కతే దిక్కు. ఎక్కడో కూర్చుని, తీగ మీద మా థియేటర్లోని రెండు ఇనుప చేతుల్ని ఆడిస్తుంది. ఆ చేతులకు కత్తి, కత్తెర, సూది అందించడం, వాడినవి తీసుకోవడం, కడుపులోకి వెళ్లిన ప్రతి గుడ్డా తిరిగి బయటికి వచ్చిందో లేదో చూడటం మా పని.

ఈ మూడు రోజులూ కనకక్క నేర్పింది ఒక్కటే, నిలబడటం.

"రెండు కాళ్ల మీద ఒక్కసారే బరువెయ్యకు తమ్మీ. ఒక కాలుకు డ్యూటీ, ఒక కాలుకు లీవు. మారుస్తుండాలె. లేకుంటే నలభై ఏండ్లకే కట్టె పట్టుకుంటవు."

ఆమె కాళ్లు చూశాను. మోకాళ్ల కింద నరాలు ఉబ్బి తాళ్లలా ఉన్నాయి. తన మాట తనే ఎప్పుడూ వినలేదనుకుంటాను.

పన్నెండో రోజు

చేతులు కడుక్కోవడం వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, పన్నెండు రోజులు పట్టింది మరి. పన్నెండేళ్లు నీళ్లలోనే మునిగి తేలినవాణ్ణి, ఇప్పుడు రెండు చెంబులతో వేళ్ల నుంచి మోచేతుల దాకా కడుక్కోవాలి. కడిగాక చేతులు ఛాతీ ముందు ఎత్తి పట్టుకోవాలి. దేన్నీ తాకకూడదు. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెడుతుంది. మూడుసార్లు గోక్కున్నాను, మూడుసార్లూ కనకక్క మళ్లీ కడగమని వెనక్కి పంపింది.

ఇనుప చేతికి సామాను అందించడం ఇంకో గండం. పిడి ఏ వైపు తిరిగి ఉండాలో ఆ వైపే ఉండాలి. వేలెడు పక్కకు పోయినా జారి కింద పడుతుంది.

"ఓదెలూ, కత్తెర ఇస్తున్నావా, నా మీదికి విసురుతున్నావా?" అని స్పీకర్లో నుస్రత్ మేడం అడిగింది.

కనకక్క మాస్కు వెనక నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆరోజు తెరిచిన కడుపును మొదటిసారి చూశాను. లోపల అంతా కదులుతూ ఉంది. మనిషి మత్తులో ఉన్నా పేగులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. నాకు కళ్లు తిరిగాయి. కనకక్క మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. అంతే, నిలబడ్డాను.

రక్తం అద్దే గాజుగుడ్డల సంగతి కూడా ఇవాళే చెప్పింది. ఆరో లెవెల్ మగ్గాల మీద నేస్తారు. ప్రతి గుడ్డకూ ఒక అంచున నీలిదారం ఉంటుంది. అందులో లోహపు పోగు కలిపి నేస్తారు. బల్ల పైన వేలాడే కన్ను, అంటే గుడ్డలు లెక్కపెట్టే యంత్రం, ఆ దారాన్ని పట్టుకుంటుంది. లోపలికి అయిదు పోయాయి, అయిదూ వచ్చాయి అంటే పచ్చ లైటు. అప్పుడే కడుపు కుట్టాలి. ఒకప్పుడు టెక్నీషియన్లు పైకి చదువుతూ నోటితో లెక్కపెట్టేవారట. కన్ను వచ్చాక ఆరేళ్లుగా మానేశారు.

ఇరవై ఎనిమిదో రోజు

పైన పత్తి మళ్లీ పోయింది. చలికాలం మూడు నెలలు మాత్రమే పైకెక్కి సాగు చేస్తారు. ఈసారి ఆ మూడు నెలలు కూడా ఎండ వదల్లేదట. గుడ్డల కట్టలు సగానికి తగ్గించారు. ఆపరేషనుకు పది ఇచ్చేవారు, ఇకనుంచి అయిదే. రోగుల సంఖ్య మాత్రం ఎవరూ తగ్గించలేదు.

కనకక్క కట్ట విప్పి, గుడ్డ తీసి, కత్తెరతో నడిమికి కోసింది.

"పైన తోలు తుడిచెతందుకు నిండు గుడ్డ ఎందుకు తమ్మీ? దారమున్న సగం స్టీలు ట్రేల ఎయ్యి, అది లోపలికి. దారం లేని సగం తెల్ల గిన్నెల ఎయ్యి, అది పైపైన తుడిచెతందుకే. లోపలికి పోనియ్యద్దు. సమజైందా?"

సమజైంది. ఎందుకు కాదు? మా ఇళ్లలో చీర పాతబడితే బొంత, బొంత పాతబడితే మసిగుడ్డ. ఏదీ నిండుగా వాడం, ఏదీ పారెయ్యం. దారమున్న సగాన్ని కన్ను నిండు గుడ్డగానే లెక్క కట్టింది. పచ్చ లైటు వెలిగింది. అయిదు గుడ్డలు పదయ్యాయి. సూపరింటెండెంటు గారు వచ్చి కనకక్కను మెచ్చుకుని కాగితం కూడా ఇచ్చారు. నుస్రత్ మేడం కెమెరాలో తెల్ల గిన్నెను చూసింది. ఏమీ అడగలేదు.

ఇంటికెళ్లి నా భార్య రజితకు గొప్పగా చెప్పాను. "మీ అక్కను మన ఇంటికి తీస్కరా, నీ జీతంల గూడ రెండు నెలలు ఎల్లదీయొచ్చేమో," అంది.

నలభై ఏడో రోజు

దీపాల గదిలో పనిచేసే బాపురావు చనిపోయాడు.

పధ్నాలుగు రోజుల కింద అపెండిక్స్ తీశారు. నేను పక్కన నిలబడి చూశాను, బల్ల దగ్గర కనకక్క ఉంది. వారం తర్వాత జ్వరంతో వచ్చాడు. కడుపు బిగుసుకుపోయింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. కన్ను లెక్క తీసి చూశారు, సరిపోయింది. లోపల చీము పట్టిందన్నారు. సూది మందులిచ్చారు. నిన్న మాట్లాడాడు, ఇవాళ లేడు.

పంపుహౌసులో దీపం ఆరిపోతే పరిగెత్తుకొచ్చి కొత్తది ఇచ్చేవాడు. నా కోసమని మంచి బ్యాటరీలు దాచిపెట్టేవాడు కూడా. ఇవాళ బల్ల కడుగుతుంటే ఏడుపొచ్చింది. కనకక్క చూసింది. బకెట్ నా చేతిలోంచి తీసుకుని మిగతాది తనే కడిగింది.

యాభై ఆరో రోజు

ఇవాళ ఒక్కడినే చేశాను. కనకక్కకు నడుము పట్టేసి లేవలేకపోయింది. స్వరూప అని, ఆరో లెవెల్ అమ్మాయి, మొదటి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. కోయక తప్పదు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే కెవ్వుమంది. రక్తం ఎక్కువ పోయింది గానీ తట్టుకున్నాం. కన్ను పచ్చ లైటు చూపించింది. "బాగా చేశావు ఓదెలూ," అంది నుస్రత్ మేడం. ఈ యాభై ఆరు రోజుల్లో ఆమె నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి. స్వరూపకు మెలకువ వచ్చి బిడ్డను చూస్తూ, నీ పేరేంది అన్నా అని నన్ను అడిగింది.

కాళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. అన్నం తినకుండానే నిద్రపోతాను. సంతోషంగా ఉంది.

అరవై తొమ్మిదో రోజు

స్వరూప మళ్లీ వచ్చింది. నాలుగు రోజులుగా జ్వరమట. కడుపు ముట్టనివ్వడం లేదు. పాలు కూడా తగ్గిపోయాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదు. కన్ను లెక్క సరిపోయింది.

బాపురావుకు చెప్పిన మాటలే వరసగా ఈమెకూ చెబుతున్నారు. అవే సూది మందులు. గుమ్మంలో నిలబడి విన్నాను. లోపలికి వెళ్లలేకపోయాను.

డెబ్బై రెండో రోజు

మొదటి సగం షిఫ్టులో గుడ్డలు మడతపెట్టే పని ఇచ్చారు. వాడిన గాజుగుడ్డల్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, నేల తుడవడానికి గంపలో దాస్తారు. సగం కోయడం మొదలుపెట్టిన నాటి నుంచి ఒక్కటి కూడా ఇంకా నేలకు వాడలేదు, పారెయ్యలేదు. కూర్చుని చేసే పని కదా అని సంతోషపడ్డాను.

మడతలు సరిగ్గా రావాలని దారమున్న సగానికి దారం లేని సగం జత కలుపుతూ పెట్టాను. ఏ గుడ్డను కోసినా రెండు సగాలే వస్తాయి. అటెన్నో ఇటూ అన్నే ఉండాలి. చివరికి దారమున్నవి నాలుగు మిగిలాయి. వాటికి జత లేదు.

మళ్లీ లెక్కపెట్టాను. దారమున్నవి తొంభై అయిదు. లేనివి తొంభై ఒకటి. గంప తలకిందులు చేశాను. ఉడకబెట్టే గంగాళంలో చెయ్యి పెట్టి వెతికాను. ఆరేసే తీగ కింద పాకుతూ చూశాను. లేవు.

బోర్డువారూ, యాభై ఆరో రోజు పేజీలో నేను రాయని మాట ఒకటుంది. స్వరూప కడుపులో రక్తం పైకి పొంగినప్పుడు మేడం "గుడ్డ, గుడ్డ, తొందరగా" అని అరిచింది. స్టీలు ట్రే ఖాళీ. నా చెయ్యి తెల్ల గిన్నెలోకి పోయింది. ఆ సగాన్ని ఇనుప చేతికి ఇచ్చాను. అది వెనక్కి వచ్చిందా? వచ్చిందనే అనుకున్నాను. పచ్చ లైటు వెలిగింది కదా అనుకున్నాను. దారమే లేనిదాన్ని కన్ను ఎలా చూస్తుంది? ఎక్స్‌రే మాత్రం ఎలా చూస్తుంది? ఈ పదహారు రోజులూ ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కాళ్ల నొప్పుల గురించి ఆలోచించాను.

కడుపులో గుడ్డ మరిచినవాడికి లైసెన్సు రాదు. నిబంధనల మొదటి పేజీలోనే ఉంది. లైసెన్సు లేకపోతే నాకు మిగిలేది తొమ్మిదో లెవెలే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. గంప ముందు చాలాసేపు కూర్చున్నాను. ఈ నాలుగింటినీ నేలగుడ్డల్లో కలిపేస్తే లెక్క ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం.

నాలుగు సగాలూ పట్టుకెళ్లి కనకక్క ముందు పెట్టాను. ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఆమె వాటిని వేళ్లతో తడిమి చూసింది.

"నాలుగా?"

"నాలుగు అక్కా."

"ఒకటి బాపన్న కడుపుల పోయింది," అంది. గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. "నేనే ఇచ్చి ఉంట. కోసుడు మొదలువెట్టి అయిదు దినాలే అయిందప్పటికి. చెయ్యికి ఇంకా అలవాటు గాలే. ఏ గిన్నెల పెట్టిన్నో, ఏ గిన్నెల తీసిన్నో. నేనే సంపిన గద తమ్మీ వాణ్ణి."

ఇరవై ఆరేళ్ల సర్వీసు ఉన్న మనిషి. ఆమెను ఎలా ఓదార్చాలో తెలియలేదు. పక్కన కూర్చున్నాను.

కొంతసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది. "మేడంకు నేను చెప్త. స్వరూపది సుత నేనే అంట. నాకు ఇంకొక్క ఏడాది సర్వీసు. ఏం జేస్తరు నన్ను? నీకు ముందు చాన బతుకున్నది. పంపుహౌసుకు పోతే సస్తవు."

"నువ్వు ఆనాడు లేనే లేవు గదక్కా. నడుము పట్టి ఇంట్ల పండుకున్నవు."

"ఎవరు చూడొచ్చిండ్రు?"

ఆశ పుట్టింది నాకు. నిజంగా పుట్టింది. అంత ప్రేమగా ఎవరైనా తప్పును మన మీదినుంచి తీసుకుంటుంటే వద్దనడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. కానీ మేడంకు కావలసింది తప్పెవరిదని కాదు, గుడ్డ ఎక్కడుందని. అది చూసినవాణ్ణి నేను. కనకక్క చూడలేదు.

మైకు నొక్కి నుస్రత్ మేడంకు నేనే చెప్పాను.

"అవి ఉతుకులో పోయి ఉండొచ్చు కదా ఓదెలూ. ఆ అమ్మాయి ఒంట్లో రక్తం లేదు. తెరిచాక ఏమీ లేదనుకో, మనమే చంపినట్టు."

"ఎడమదిక్కు మేడం. గర్భసంచి ఎన్క. తెల్ల గిన్నెలోది మీకు అక్కడికే ఇచ్చిన. నా చేత్తోనే ఇచ్చిన."

స్పీకర్లో ఆమె ఊపిరి వినిపించింది. "గిన్నెను నేనూ చూశాను, అడగలేదు," అంది. తర్వాత గొంతు మారింది. "గంటలో బల్ల సిద్ధం చేయండి. గుడ్డలు కోయొద్దు. పదీ నిండువే కావాలి."

తిలా పాపం తలా పిడికెడు. నా పిడికిలి మాత్రం నిండా ఉంది.

డెబ్బై మూడో రోజు

దొరికింది. ఎడమవైపే, గర్భసంచి వెనక. అరచేతిలో సగమంత గుడ్డ. చీముతో పేగుకు అతుక్కుపోయింది. మేడం రెండు గంటలు ఒక్కో పోగునూ విడదీసింది. నేను సామాను అందించాను. కనకక్క పక్కన నిలబడి ప్రతి గుడ్డనూ పైకి చదివింది, లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు. అంకె ఒక్కటీ తప్పలేదు.

స్వరూప బతుకుతుందని మేడం అంది. ఇంకోసారి గర్భం నిలవకపోవచ్చనీ అంది. ఆ మాట స్వరూపకు చెప్పే పని నాది కాదన్నారు. అయినా మెలకువ వచ్చాక వెళ్లి, తప్పు నాదని చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. పక్కన బిడ్డను దగ్గరికి లాక్కుని గోడవైపు తిరిగింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రెండు కాళ్ల మీదా బరువేసే నిలబడ్డాను.

డెబ్బై అయిదో రోజు

జత లేనివి నాలుగు. బాపురావుది, స్వరూపది పోగా రెండు. ఆ నలభై అయిదు రోజుల్లో పందొమ్మిది మందిని కోశాం. ఆ ఇద్దరూ పోతే పదిహేడు మంది. అందులో ఎవరో ఇద్దరు సగం గుడ్డ మోస్తూ తిరుగుతున్నారు. ఇద్దరే అని కూడా గట్టిగా చెప్పలేను.

రమ్మని కబురు పంపితే నలుగురే వచ్చారు, వాళ్లకు నొప్పీ జ్వరమూ లేవు. తక్కినవారు బాగానే ఉన్నాం అన్నారు. ఆసుపత్రికి వస్తే మళ్లీ కోస్తారని భయం. డ్యూటీ పోతుందని ఇంకో భయం. అందుకని మమ్మల్నే ఇంటింటికీ వెళ్లమన్నారు. కనకక్క లైసెన్సు ఆపేశారు. నా సంగతి బోర్డువారు తేలుస్తారు. అప్పటిదాకా పని చేయమన్నారు, ఇంకెవరూ లేరు కాబట్టి.

కనకక్క రెండు తప్పులకూ తన పేరే రాసి సంతకం పెట్టిన కాగితం ఒకటి సూపరింటెండెంటు దగ్గర ఉంది. స్వరూప విషయంలో ఆ కాగితం తప్పు. ఈ పుస్తకం నిజం. ఆ గుడ్డ నా చేతిలోంచి పోయింది. ఇది చదివాక నన్ను పంపుహౌసుకు పంపినా నేను కాదనను. రజితకు చెప్పేశాను. ఆమె కాసేపు ఏడ్చి, నా పాత రబ్బరు బూట్లు బయటికి తీసి కడిగిపెట్టింది.

డెబ్బై తొమ్మిదో రోజు

పన్నెండు ఇళ్లు అయ్యాయి. అందరికీ ఒకే మాట చెప్పాలి. చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది. ఒకచోట తలుపు మూసేశారు. ఒకచోట బాపురావు తమ్ముడు ఎదురయ్యాడు. అతనికి కూడా చెప్పాం. కనకక్క అతని ముందు చేతులు జోడించింది. అతను పక్కకు తప్పుకుని వెళ్లిపోయాడు. అది తిట్టినదానికంటే ఎక్కువైంది.

పదమూడో ఇల్లు ఆరో లెవెల్లో మొండయ్యది. ముప్పై ఏడో రోజున పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేశాం. మమ్మల్ని చూడగానే మగ్గం దిగి ఎదురొచ్చాడు.

"దేవుండ్లు వచ్చినట్టు వచ్చిండ్రు! రాండ్రి, కూసోండ్రి. మీరు కుట్టినంక ఒక్కదినం సుత పని బంద్ పెట్టలే నేను. ఓ రాజవ్వా, చాయ్ పెట్టు!"

లోపలినుంచి అతని భార్య రాజవ్వ వచ్చి గుమ్మంలోనే ఆగింది. "పని బంద్ పెట్టలే గని అన్నం బంద్ పెట్టిండు అక్కా. పదిదినాలాయె. కడుపు పట్టుకొని మగ్గం మీదనే వంగుతడు. చెప్తే మళ్ల కోస్తరని భయం."

"నువ్వూకో," అన్నాడు మొండయ్య. కానీ చెయ్యి అప్పటికే కుడివైపు పక్కటెముకల కిందికి పోయింది.

కనకక్క నావైపు చూసింది. చెప్పాను. గుడ్డ తక్కువైన సంగతి, నడిమికి కోసిన సంగతి, దారం లేని సగాన్ని కన్ను చూడలేదన్న సంగతి, బాపురావు సంగతి, స్వరూప సంగతి. అతను తల వంచుకుని విన్నాడు. చాయ్ చల్లారిపోయింది. అరుస్తాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను.

అతను లేచి మగ్గం దగ్గరికి వెళ్లాడు. దాని మీద సగం నేసిన తెల్ల గాజుగుడ్డ ఉంది. ఒక అంచున నీలిదారం. రెండో అంచు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఈడ సుత ఒక పోగు ఏస్తుంటిమి గదక్కా," అన్నాడు. "నువ్వు కోసి వాడుతున్నట్టు మాకొక్క మాట చెప్తే అయిపోవు. ఒక్క పోగే గద."

రాజవ్వ లోపలికెళ్లి అతని చొక్కా తెచ్చింది. అతను దాన్ని తొడుక్కుని, నొప్పికి పళ్లు బిగబట్టి, మాకంటే ముందు ఆసుపత్రికి పోయే మెట్లెక్కాడు.